కలంకారీ డిజైన్లకు ఏ డ్రాయింగ్ ట్యాబ్లెట్ కొనాలి?

ప్రశ్న: అన్నా, మాది శ్రీకాళహస్తి. ఇంట్లో కలంకారీ పని. నేను తిరుపతిలో డిగ్రీ చదువుతున్నా. నాన్న డిజైన్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, కొత్త బోర్డర్లు, పల్లూలు అందులోనే గీయాలని ఉంది. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఉంది. పన్నెండు వేలు దాచుకున్నా. ఇంకో పదీ పన్నెండు వేలు అప్పు చేసైనా స్క్రీన్ ఉన్న ట్యాబ్లెట్టే తీసుకోమని ఫ్రెండ్స్ అంటున్నారు. 16 వేల ప్రెషర్ లెవెల్స్ ఉన్నదే కొనాలని ఇంకొకతను చెప్పాడు. ఏది తీసుకోవాలి?

జవాబు:

తమ్ముడూ, అప్పు చేయొద్దు. స్క్రీన్ లేని పెన్ ట్యాబ్లెట్ (ల్యాప్‌టాప్‌కి తగిలించి పెన్నుతో గీసే పలక), గీసే చోటు పది అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల ఎత్తు ఉండే మీడియం సైజుది తీసుకో. నీ దగ్గరున్న డబ్బులో సగం దాకా మిగులుతుంది, ఆ సగంతో చేయాల్సిన పని కూడా కింద చెప్తాను. నేను తిరుపతిలో పుస్తకాలకు, ప్రింటింగ్ ప్రెస్‌లకు బొమ్మలు వేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. చిన్నవీ పెద్దవీ, స్క్రీన్ ఉన్నవీ లేనివీ వాడాకే ఈ మాట చెప్తున్నా.

అందరికీ ఇదే సలహా ఇవ్వను. ముఖాలకు మెత్తగా రంగులు కలిపే పోర్ట్రెయిట్ ఆర్టిస్ట్ అడిగితే జవాబు వేరే ఉంటుంది. నీ పని గీత పని. కలంకారీలో తీగ మొదలైతే ఆకులు, మొగ్గలు దాటుకుంటూ చాలా దూరం తెగకుండా పోవాలి. ఆ గీత మణికట్టుతో రాదు, మోచేయి కదలాలి. అందుకే నువ్వు ముందు చూడాల్సింది సైజు. ప్రెషర్ లెవెల్స్, స్క్రీన్ ఆ తర్వాత సంగతి.

సైజు ఎందుకు ముఖ్యమో లెక్క వేసి చూద్దాం. నీ ల్యాప్‌టాప్ 15.6 అంగుళాలదైతే తెర వెడల్పు దాదాపు 34.5 సెంటీమీటర్లు. స్మాల్ సైజు ట్యాబ్లెట్లలో గీసే చోటు 15 సెంటీమీటర్ల చిల్లర. అంటే చేయి ఒక సెంటీమీటర్ కదిలితే తెర మీద గీత రెండుంపావు సెంటీమీటర్లు పోతుంది. నీ చేతిలో ఉన్న చిన్న వణుకు కూడా అన్ని రెట్లే పెరుగుతుంది. పది అంగుళాలదైతే చేయి ఒక సెంటీమీటర్ కదిలినప్పుడు తెర మీద ఒకటిన్నర సెంటీమీటర్ లోపే ఉంటుంది, కాగితం మీద గీసినదానికి బాగా దగ్గర. చిన్నదాని మీద గీసేవాళ్లు తెలియకుండానే వేళ్లు బిగపట్టి గీస్తారు, గంటకల్లా బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది. అలాగని లార్జ్ సైజుకి పోవద్దు. మధ్యలో కీబోర్డుకి చోటుండదు, రేటూ ఎక్కువ.

ఇక ప్రెషర్ లెవెల్స్. 2048, 4096, 8192, 16384 అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేస్తారు. ఎంత బలంతో నొక్కావో పెన్ను ఎన్ని మెట్లలో లెక్కపెట్టగలదో చెప్పే అంకె అది. 2048 దాటాక మన చేతికి తేడా తెలియదు. 16 వేల కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు. అసలు చూడాల్సిన సంగతి ఇంకొకటుంది: ఎంత తేలిగ్గా ఆనిస్తే గీత మొదలవుతుంది అనేది. మంచి పెన్నుల్లో మూడు గ్రాముల బరువు పడితే చాలు, గీత పడుతుంది. నాసిరకం వాటిలో గట్టిగా నొక్కితే గానీ పడదు, పడగానే లావుగా పడుతుంది. తీగ కొసలు, కళ్ల గీతలు అక్కడే చెడిపోతాయి. ఈ సంగతి డబ్బా మీద ఉండదు కాబట్టి, కొనేముందు ఆ మోడల్ మీద ఎవరైనా సన్నని గీతలు వేసి చూపించిన వీడియో ఒకటి చూడు. గీత సన్నగా మొదలై, లావై, మళ్లీ సన్నగా తేలిపోతోందా? స్కేలు పెట్టి ఏటవాలు గీతను నెమ్మదిగా లాగినప్పుడు వంకర్లు వస్తున్నాయా? ఈ రెండూ చూస్తే పెన్ను ఎలాంటిదో తెలిసిపోతుంది.

నీకు మాత్రమే వచ్చే ఇబ్బంది ఒకటుంది, అది ముందే చెప్పాలి. మీ ఇంట్లో కలం ఎలా పనిచేస్తుందో నాకంటే నీకే బాగా తెలుసు. వెదురు పుల్లకు మొన దేల్చి, కాస్త పైన ఉన్నో గుడ్డో చుట్టి దారంతో బిగిస్తారు. బెల్లం, ఇనుప ముక్కలు నానబెట్టి చేసిన నల్లసిరాలో ముంచితే ఆ ఉన్ని సిరాను పట్టుకుంటుంది. గీసేటప్పుడు వేళ్లతో ఉన్నిని నొక్కితే సిరా మొనకు దిగుతుంది. అంటే అక్కడ బలమంతా వేళ్ల మధ్యే ఉంటుంది, మొన మాత్రం గుడ్డ మీద తేలిగ్గా పోతుంది. ట్యాబ్లెట్ పెన్ను దీనికి పూర్తిగా వ్యతిరేకం. పక్కల నుంచి ఎంత పిసికినా దానికి ఏమీ తెలియదు, మొన కిందికి ఎంత దిగిందన్నదే లెక్క. కలం పట్టిన చేయి మొదట్లో పెన్నును గట్టిగా పట్టుకుంటుంది, మొనను మాత్రం ఆనీ ఆనకుండా నడిపిస్తుంది. గీత తెగి తెగి వస్తుంది. పెన్ను పాడైందని తిరిగి పంపేయకు.

దీనికి మందు సెట్టింగ్స్‌లోనే ఉంది. పెన్ను డ్రైవర్‌లో (ట్యాబ్లెట్‌ను ల్యాప్‌టాప్‌తో కలిపే కంపెనీ సాఫ్ట్‌వేర్) ప్రెషర్‌ను మెత్తటి వైపు జరుపు, తేలిగ్గా ఆనించినా గీత పడుతుంది. తర్వాత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో బ్రష్ సైజుకున్న ప్రెషర్ వంపును (ఎంత నొక్కితే గీత ఎంత లావో చూపే గ్రాఫ్) తీసుకుని, ఎడమ కొసను సగం ఎత్తు దాకా పైకి లేపు. అప్పుడు ఎంత తేలిగ్గా గీసినా గీత సగం లావు కంటే తగ్గదు. కాళహస్తి పనిలో నల్ల గీత దాదాపు ఒకే లావులో నిండుగా ఉంటుంది కదా, ఆ తీరు ఇలా వస్తుంది. కామిక్స్ వేసేవాళ్లు ఇచ్చే బ్రష్‌లు దించుకుంటే సన్నం నుంచి లావుకి ఒక్కసారిగా పోతాయి, మీ డిజైన్‌కి అవి అతకవు.

స్క్రీన్ ఉన్నదాని సంగతి. గీసిన చోటే గీత కనబడుతుంది కాబట్టి మొదటి రోజు నుంచే హాయిగా ఉంటుంది, ఆ మాట నిజం. కానీ 13 అంగుళాల డిస్‌ప్లే ట్యాబ్లెట్ నీ బడ్జెట్‌కి దాదాపు రెట్టింపు అవుతుంది. అదొక రెండో మానిటర్, దానికి కరెంటు కావాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో యూఎస్‌బీ పోర్టు ఇచ్చే కరెంటు చాలక అడాప్టర్ కూడా పెట్టాలి. కరెంటు పోతే పని ఆగుతుంది. స్క్రీన్ లేనిది ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే నడుస్తుంది. అన్నిటికంటే నేను భయపడేది మెడ గురించి. డిస్‌ప్లే ట్యాబ్లెట్ మీద వంగే గీయాలి. మీ ఇళ్లలో ఇప్పటికే కింద కూర్చుని, బల్ల మీదకు వంగి రోజంతా పని చేస్తారు. కంప్యూటర్ దగ్గరైనా తల ఎత్తి కూర్చునే అవకాశం ఉన్నప్పుడు దాన్ని వదులుకోవద్దు.

చేయి కింద, చూపు పైన పెట్టి గీయడం కొత్తగా ఉంటుంది. రెండు మూడు వారాలు చిరాకు పడతావు, ఆ తర్వాత అసలు గుర్తే ఉండదు. మౌస్ పట్టుకున్నప్పుడు చేతివైపు ఎవరు చూస్తున్నారు? ఈ అలవాటు తొందరగా పడాలంటే ట్యాబ్లెట్‌ను తెరకు సమాంతరంగా, తిన్నగా పెట్టు. కాగితాన్ని తిప్పుకున్నట్టు వాలుగా తిప్పి పెడితే నువ్వు అడ్డంగా లాగిన గీత తెర మీద వాలిపోతుంది. బొమ్మను తిప్పాలనిపిస్తే సాఫ్ట్‌వేర్‌లో కాన్వాస్‌ను తిప్పు, ట్యాబ్లెట్‌ను కదపకు.

ఐప్యాడ్, శాంసంగ్ ట్యాబ్ గురించి నువ్వు అడగలేదు గానీ ఎవరో ఒకరు చెప్తారు. వేసే పనికి అవి మంచివే. శాంసంగ్ ఎస్6 లైట్ లాంటి వాటిలో పెన్ను డబ్బాలోనే వస్తుంది, ఐప్యాడ్‌కి పెన్సిల్ విడిగా కొనాలి. బడ్జెట్ ఎలాగూ దాటిపోతుంది. పైగా నీకు కావలసిన పెద్ద కొలతల్లో అవి ఇబ్బంది పెడతాయి. ఐప్యాడ్‌లో బొమ్మలు వేసే యాప్ ప్రొక్రియేట్‌లో కాన్వాస్ పెద్దదయ్యే కొద్దీ వేయగలిగే లేయర్లు (ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు) తగ్గిపోతాయి. నీ దగ్గర ల్యాప్‌టాప్ ఉంది కాబట్టి దాన్నే వాడుకో.

కొలతలంటే గుర్తొచ్చింది, చీర డిజైన్ మొదలుపెట్టేవాళ్లు ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. చీర మొత్తాన్ని ఒకే ఫైల్‌లో గీయాలనుకుంటారు. ఐదున్నర మీటర్ల పొడవు, 45 అంగుళాల పన్నా. 150 డీపీఐ (అంగుళానికి 150 చుక్కలు) పెట్టుకున్నా పొడవు 32 వేల పిక్సెల్స్ దాటుతుంది, పన్నా 6750. నిండా రంగున్న ఒక్క లేయర్‌కే 880 ఎంబీ దాకా పోతుంది. పది లేయర్లు వేస్తే నీ 8 జీబీ ఎప్పుడో అయిపోయి ల్యాప్‌టాప్ బిగుసుకుపోతుంది. ట్యాబ్లెట్ బాగాలేదు, గీత ఆలస్యంగా వస్తోంది అని అప్పుడు అందరూ దాన్నే తిడతారు.

కాబట్టి చీరను ముక్కలుగా ఆలోచించు. బోర్డర్‌కి ఒక అడుగు పొడవు, అర అడుగు వెడల్పు ముక్క చాలు. 300 డీపీఐలో అది 3600 బై 1800 పిక్సెల్స్, లేయర్‌కి 26 ఎంబీ. ఆ ముక్కను పద్దెనిమిది సార్లు పక్కపక్కన పెడితే చీర పొడవు వస్తుంది. ముక్క కుడి కొస, ఎడమ కొస కలిసేలా గీయడమే కష్టం. క్రిటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కీబోర్డు మీద డబ్ల్యూ నొక్కితే కాన్వాస్ తనకు తానే నాలుగువైపులా రిపీట్ అవుతూ కనిపిస్తుంది. కుడివైపు బయటకు పోయిన తీగ ఎడమవైపు నుంచి లోపలికి వస్తుంది. అతుకు ఎక్కడుందో గీసేటప్పుడే కనబడుతుంది, అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు. బుటాలకూ ఇదే పద్ధతి. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పనే లేదు, దొంగ కాపీ ఫోటోషాప్ జోలికి అసలే వెళ్లొద్దు.

పల్లూ మాత్రం రిపీట్ కాదు, దాన్ని మొత్తంగా గీయాలి. ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ఇంటి ప్లాన్లు ప్రింట్ తీసే షాపుల్లో ఏ0 సైజు కాగితం ఉంటుంది, 841 బై 1189 మిల్లీమీటర్లు. 45 అంగుళాలంటే 1143 మిల్లీమీటర్లు, అంటే చీర పన్నా ఆ కాగితంలో పట్టేస్తుంది, పల్లూకి 33 అంగుళాల పొడవు దొరుకుతుంది. కాబట్టి పల్లూ ఫైల్‌ను 45 బై 33 అంగుళాలు, 150 డీపీఐ పెట్టుకుని గీయి. లేయర్‌కి 134 ఎంబీ అవుతుంది, పది లేయర్ల దాకా నీ ల్యాప్‌టాప్ మోస్తుంది. నల్ల గీతలు మాత్రమే ఏ0 మీద ప్రింట్ తీయించుకుంటే అసలు కొలతలో డిజైన్ చేతికొస్తుంది. కాగితం మీది డిజైన్‌ను గుడ్డ మీదకు దించడానికి మీ ఇంట్లో ఏ పద్ధతి ఉంటే దాంతో దించుకోవచ్చు. ఆ మీదట కలం పని అంతా మామూలే. మిగిలిన డబ్బులో కొంత ఈ ప్రింట్లకు పక్కన పెట్టమని చెప్పేది ఇందుకే. తెర మీద చిన్నగా చూసినప్పుడు అందంగా ఉన్న డిజైన్ అసలు కొలతలో బోసిగానో ఇరుగ్గానో ఉండొచ్చు. కాగితం పరిచి నిలబడి చూస్తే గానీ తెలియదు.

మోడళ్ల పేర్లు అడుగుతావు కాబట్టి చెప్తాను. హుయాన్ హెచ్610 ప్రో వి2, ఎక్స్‌పీ-పెన్ డెకో 01 వి2, ఈ రెండూ పది బై ఆరుంపావు అంగుళాలవి. 8192 లెవెల్స్, పెన్ను వాలును కూడా గుర్తుపడతాయి. ట్యాబ్లెట్ మీదే ఎనిమిది బటన్లు ఉంటాయి. వన్ బై వాకామ్ మీడియం ఇంకొకటి. అది కాస్త చిన్నది, 216 బై 135 మిల్లీమీటర్లు, 2048 లెవెల్స్. బటన్లు లేవు, వాలు గుర్తుపట్టదు. కానీ డ్రైవర్ గొడవలు తక్కువ, గీత నిలకడగా ఉంటుంది. సెట్టింగ్స్‌తో తంటాలు పడటం నీకు ఇష్టం లేకపోతే వాకామ్, కాస్త ఓపిక ఉంటే మిగిలిన రెంటిలో ఏదైనా తీసుకో. నేనైతే నీ పనికి పది అంగుళాలదే తీసుకోమంటాను, ఎందుకో పైన చెప్పాను. రేట్లు పండుగ ఆఫర్లను బట్టి మారుతుంటాయి, ఐదు నుంచి ఏడెనిమిది వేల మధ్య చూసుకో.

వీటన్నిటిలో పెన్నుకి బ్యాటరీ, చార్జింగ్ ఉండవు. ట్యాబ్లెట్ లోపల సన్నని తీగల వల ఉంటుంది. అది పంపే అయస్కాంత సంకేతాన్ని పెన్నులోని చిన్న కాయిల్ అందుకుని తిరిగి పంపుతుంది. ఈ పద్ధతికి పేరు తెచ్చింది 1983లో జపాన్‌లో మొదలైన వాకామ్. ఇప్పుడు మిగిలిన కంపెనీలవీ ఇలాగే వస్తున్నాయి. సెకండ్ హ్యాండ్‌లో చార్జింగ్ పెన్నుతో ఉన్న పాత మోడళ్లు తక్కువకి దొరుకుతాయి, అవి మాత్రం వద్దు. ఇంకో మాట, ఒక మోడల్ పెన్ను ఇంకో మోడల్‌కి పనిచేయడం అరుదు. పెన్ను లేకుండా ట్యాబ్లెట్ ఒక్కటే అమ్ముతుంటే ఎంత చౌకైనా తీసుకోకు. ఒకసారి చేతిలో పట్టుకుని చూడాలనిపిస్తే, చెన్నై వెళ్లే పని పడినప్పుడు ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌లో అడిగి చూడు.

డబ్బా విప్పిన రోజు చేయాల్సిన పనులు. పాత ట్యాబ్లెట్ డ్రైవర్ ఏదైనా ల్యాప్‌టాప్‌లో ఉంటే ముందు తీసేయి, రెండు డ్రైవర్లు ఒకచోట ఉంటే పెన్ను పిచ్చిగా ప్రవర్తిస్తుంది. కొత్త డ్రైవర్ కంపెనీ వెబ్‌సైట్ నుంచే దించుకో. గీత పడుతోంది గానీ లావు సన్నం రావట్లేదంటే క్రిటాలో ట్యాబ్లెట్ సెట్టింగ్స్‌కి వెళ్తే పెన్ను సంకేతాన్ని అందుకునే పద్ధతులు వింటాబ్, విండోస్ ఇంక్ అని రెండు ఉంటాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చి క్రిటాను మూసి తెరువు. పదిలో తొమ్మిదిసార్లు అదే కారణం.

ఆ తర్వాత కొలత. ట్యాబ్లెట్ 16:10 నిష్పత్తిలో, నీ ల్యాప్‌టాప్ తెర ఎక్కువగా 16:9లో ఉంటాయి. అలాగే వదిలేస్తే నువ్వు గుండ్రంగా గీసింది తెర మీద అడ్డంగా సాగిన గుడ్డులా పడుతుంది. డ్రైవర్‌లో గీసే చోటును తెర నిష్పత్తికి సరిపెట్టే ఆప్షన్ ఉంటుంది, అది నొక్కు. కింద ఒకటిన్నర సెంటీమీటర్ దాకా వాడకంలో లేకుండా పోతుంది, పర్వాలేదు. సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఒక గ్లాసును ట్యాబ్లెట్ మీద బోర్లించి దాని అంచు వెంబడి పెన్ను తిప్పు. తెర మీద నిజమైన సున్నా రావాలి. చక్రాలు, పద్మాలు, ముఖాలు ఉండే మీ డిజైన్లకు ఇది చాలా అవసరం.

ఎండాకాలం మన దగ్గర చేతికి చెమట ఎక్కువ. అరచేయి ట్యాబ్లెట్‌కి అతుక్కుంటే పొడుగు గీత మధ్యలో ఆగిపోతుంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు మాత్రమే కప్పే గ్లవ్ దొరుకుతుంది, వందా రెండు వందల పని, తీసుకో. పెన్ను మొనలు కూడా అరుగుతాయి. ఒక పక్క అరిగి వాడిగా అయితే పైపొర మీద గీతలు పడతాయి, అప్పటికల్లా మొన మార్చెయ్యి. డబ్బాలో కొన్ని అదనంగానే ఇస్తారు.

ముందుగా ఏం గీయాలంటే, కొత్త డిజైన్ మొదలుపెట్టకు. నాన్న కాగితం మీద గీసి పెట్టినవి స్కాన్ చేయి, పెద్దవైతే పగటి వెలుతురులో పైనుంచి తిన్నగా ఫోటో తీయి. దాన్ని అడుగు లేయర్‌గా పెట్టి, వెలుగు తగ్గించి, పై లేయర్‌లో ఆ గీతల మీదే గీయి. నీ చేతికి కొత్త పెన్ను అలవాటవుతుంది, పాత డిజైన్లూ భద్రపడతాయి. అలిపిరి దారిలో ఉన్న టీటీడీ శిల్పకళా సంస్థలో కలంకారీ నేర్చుకునేవాళ్లు కూడా పాత గీతను తిరిగి గీస్తూనే చేయి సాధిస్తారు. తెర మీద పని కాబట్టి ఆ సాధన అక్కర్లేదు అనుకోవద్దు. గీత నిలకడగా రావడానికి సాఫ్ట్‌వేర్‌లో స్టెబిలైజర్ ఉంటుంది. మొదట్లో కాస్త పెట్టుకో గానీ ఎక్కువ పెడితే తీగలన్నీ ఒకే వంపుతో ప్రాణం లేనట్టు వస్తాయి. నెల గడిచేసరికి తగ్గించుకుంటూ రా.

ఒక్క విషయంలో మాత్రం నా మాట గట్టిగా విను. నువ్వు ట్యాబ్లెట్‌లో గీసి, గీతలు ప్రింట్ తీసి, ఇంట్లో చేత్తో వేస్తే అది కలంకారీయే, అందులో సందేహం లేదు. కొనేవాళ్లకి రంగులు మార్చి మూడు నాలుగు రకాలుగా వాట్సాప్‌లో చూపించి, వాళ్లు ఒప్పుకున్నాకే గుడ్డ మీద పని మొదలుపెట్టొచ్చు. మీ నాన్నకి ఎంత శ్రమ తగ్గుతుందో ఆలోచించు. కానీ అదే ఫైల్‌ను మెషీన్ మీద చీరగా ప్రింట్ చేయించి, చేతి కలంకారీ పేరుతో అమ్మమని అడిగేవాళ్లు తప్పకుండా వస్తారు. అలాంటి చీర అమ్మాలనుకుంటే ప్రింటెడ్ అని చెప్పే అమ్ము. లేయర్లున్న అసలు ఫైల్ ఎవరికీ ఇవ్వకు. చూపించడానికి వెయ్యి పిక్సెల్స్ వెడల్పున్న చిన్న జేపెగ్ చాలు, దాన్నుంచి ఎవరూ మంచి ప్రింట్ తీయలేరు. అసలు ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, బయట హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ ఉంచు. మిగిలిన డబ్బులో పెద్ద భాగం ఆ హార్డ్ డిస్క్‌కే పెట్టు.